గ్రేస్ హాపర్: లాగ్ బుక్ నుంచి లాగ్ సర్వర్ వరకు

రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్ దూరదర్శన్ కేంద్రం ఉన్న ప్రాంతం. ఆ పేటలో ఏదైనా ఒక మిద్దె మీద అమర్చిన డిష్ యాంటెన్నాకు చేరే దృశ్యం, అంతకుముందు భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వెళ్లి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. కాంతి వేగంతో ప్రయాణించినా ఆ రాకపోకలకు దాదాపు పావు సెకను పడుతుంది. టీవీ చూసేవారికి ఆ ఆలస్యం తెలియదు. సెకనులో కోట్ల లెక్కలు చేసే కంప్యూటర్‌కు మాత్రం అది సుదీర్ఘ కాలం.

కంటికి కనిపించని ఈ ఆలస్యాన్ని ఒక తీగ ముక్క రూపంలో జనం చేతుల్లో పెట్టి చూపిన మహిళ గ్రేస్ హాపర్. అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదాకు ఎదిగిన ఆమె గణిత శాస్త్రవేత్త, తొలితరం ప్రోగ్రామర్. ఆమె మరణించి మూడు దశాబ్దాలు దాటింది. అయినా సాఫ్ట్‌వేర్ రాసేవారికి ప్రతిరోజూ ఎదురయ్యే ఒక ప్రశ్నకు ఆమె జీవితంలో దారి కనిపిస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ తాను చేస్తున్న పనిని, తనకు కలిగిన ఆటంకాన్ని ఎక్కడ రాయాలి? తాను ఉన్న యంత్రపు తెర మీదనా, దూరాన ఉన్న మరో సర్వర్‌లోనా? మొదటిదాన్ని కన్సోల్ అవుట్‌పుట్ అంటారు. రెండోదాన్ని రిమోట్ లాగింగ్ అంటారు. చిన్న విషయంగా కనిపించే ఈ ఎంపిక మీదనే, ఒక బ్యాంకు లావాదేవీ ఎందుకు నిలిచిపోయిందో, ఒక ఆసుపత్రి కంప్యూటర్‌లోకి ఎవరు చొరబడ్డారో తర్వాత తెలుసుకోగలగడం ఆధారపడి ఉంటుంది.

గడియారాలు విప్పిన బాలిక

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే 1906 డిసెంబర్ 9న న్యూయార్క్ నగరంలో జన్మించారు. ముగ్గురు పిల్లల్లో ఆమె పెద్ద. తండ్రి బీమా రంగంలో పనిచేసేవారు. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా మోగుతుందో తెలుసుకోవాలనే కుతూహలంతో ఇంట్లోని ఏడు గడియారాలను ఒకదాని తర్వాత ఒకటిగా విప్పేశారు. సంగతి తెలిసిన తల్లి ఆమెను పూర్తిగా వారించలేదు. ఇకపై ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోవాలని కట్టడి చేశారు.

1928లో వాసర్ కళాశాల నుంచి గణితం, భౌతిక శాస్త్రాల్లో పట్టా పొందారు. 1930లో యేల్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్య పూర్తి చేశారు. అదే ఏడాది విన్సెంట్ ఫాస్టర్ హాపర్‌తో వివాహమైంది. 1934లో యేల్ నుంచే గణితంలో డాక్టరేట్ సాధించారు. ఆనాడు మహిళలకు ఆ స్థాయి గణిత విద్య అరుదు. 1931 నుంచి వాసర్‌లోనే అధ్యాపకురాలిగా పనిచేశారు. 1945లో దంపతులు విడిపోయినా ఆ ఇంటిపేరు ఆమెతోనే నిలిచిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం ఆమె దారి మార్చింది. నౌకాదళంలో చేరాలనుకున్నప్పుడు వయసు ఎక్కువని, ఉండవలసిన బరువు లేదని అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆమె పట్టు విడవలేదు. ప్రత్యేక మినహాయింపుతో 1943 డిసెంబర్‌లో నౌకాదళ రిజర్వులో చేరారు. శిక్షణలో ప్రథమ స్థానంలో నిలిచి, 1944 జూలైలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని నౌకాదళ గణన విభాగానికి వెళ్లారు. దానికి అధిపతి హోవార్డ్ ఐకెన్.

మార్క్ 1 పక్కన

అక్కడ ఆమెకు ఎదురైనది మార్క్ 1. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఒక గుణకారానికి దాదాపు ఆరు సెకన్లు పట్టేది. ఆదేశాలను రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ మీద అందించేవారు. ఫలితాలు విద్యుత్ టైపురైటర్ల మీద, పంచ్ కార్డుల మీద వెలువడేవి. రాబర్ట్ క్యాంప్‌బెల్, రిచర్డ్ బ్లాక్‌లతో కలిసి హాపర్ దానికి ప్రోగ్రాములు రాశారు. యుద్ధ అవసరాల కోసం అది రాత్రింబవళ్లు నడిచేది. 1944లో గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ తెచ్చిన అణుబాంబు పరిశోధన లెక్క కూడా ఆ యంత్రం మీదనే సాగింది.

అలాంటి చోట ఒక అంకె తప్పితే దాని పర్యవసానం కాగితానికే పరిమితం కాదు. యంత్రం ఆగినప్పుడు ఎక్కడ ఆగింది, అంతకుముందు ఏం చేసింది అన్నది వెంటనే తెలియాలి. టైపురైటర్ మీద అచ్చవుతున్న అంకెలను పక్కన నిలబడినవారు చూస్తూ ఉండేవారు. ఈనాటి ప్రోగ్రామర్ తెర మీద కదిలే అక్షరాలను చూడటం ఆ అలవాటుకు కొనసాగింపే. ఈ పద్ధతి సులువు, ఖర్చు లేనిది, తక్షణం కనిపించేది. కానీ చూసే మనిషి అక్కడ ఉన్నంతవరకే దాని ప్రయోజనం.

అందుకే టైపురైటర్‌తో పాటు మరో సాధనం అవసరమైంది. అది లాగ్ బుక్. ఓడల్లో ప్రతి కాపలా సమయంలో జరిగినదాన్ని వేళతో సహా రాసిపెట్టే పుస్తకాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. నౌకాదళం వారు నడిపిన కంప్యూటర్ల దగ్గరా అదే క్రమశిక్షణ ఉండేది. ఉదయం పనికి వచ్చినవారు రాత్రి ఏం జరిగిందో ఆ పుస్తకం చూసి తెలుసుకోగలిగేవారు. మార్క్ 1 ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా నడపాలో వివరిస్తూ హాపర్ ప్రధానంగా రూపొందించిన 500 పుటలకు మించిన కైపుస్తకం 1946లో వెలువడింది.

పుస్తకంలో అతికించిన చిమ్మట

యుద్ధం ముగిసిన తర్వాతా హాపర్ హార్వర్డ్‌లోనే కొనసాగారు. 1947 సెప్టెంబర్ 9న అక్కడ పరీక్షలు జరుగుతున్న మార్క్ 2 యంత్రం తప్పు ఫలితాలు ఇచ్చింది. సిబ్బంది వెతగ్గా, ఎఫ్ పలకలోని 70వ రిలేలో ఒక చిమ్మట పురుగు చిక్కుకుని కనిపించింది. దాన్ని తీసి, టేపుతో లాగ్ బుక్‌లో అతికించారు. పక్కన వేళ, చోటు రాసి, నిజమైన పురుగు దొరకడం ఇదే మొదటిసారి అన్న అర్థంలో ఒక చమత్కార వాక్యం చేర్చారు.

యంత్రాల్లోని లోపాన్ని పురుగు అనడం అప్పటికే ఉంది. ఎడిసన్ 19వ శతాబ్దంలోనే ఆ మాట వాడారు. పురుగును పట్టుకున్నది కూడా హాపర్ స్వయంగా కాదు. అయితే తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో ఉపన్యాసాల్లో ఆ కథ చెప్పి, దాన్ని లోకానికి పరిచయం చేసినది ఆమే. ఆ పుట ఇప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాల సేకరణలో ఉంది.

నవ్వు పుట్టించే ఆ కథలో సాఫ్ట్‌వేర్ వృత్తికి పనికివచ్చే సంగతి ఒకటుంది. ఆ నమోదులో వేళ ఉంది, చోటు ఉంది, కారణం ఉంది, సాక్ష్యం కూడా ఉంది. ఏదో తప్పు జరిగిందని మాత్రమే రాసి ఉంటే తర్వాత చదివినవారికి ఏమీ దక్కేది కాదు. నమోదు తెర మీద ఉన్నా, వేరే ఖండంలోని సర్వర్‌లో ఉన్నా ఈ నాలుగు వివరాలు లేకపోతే అది నిరుపయోగమే.

మనుషుల భాషలో ఆదేశాలు

1949లో హాపర్ ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంప్యూటర్ సంస్థలో చేరి, యూనివాక్ యంత్రంపై పనిచేశారు. ప్రోగ్రాముల్లో పదే పదే వచ్చే భాగాలను నోటు పుస్తకాల నుంచి చేత్తో ఎక్కించేటప్పుడు తప్పులు దొర్లుతున్నాయని ఆమె గమనించారు. ఆ నకలు పని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచన నుంచి 1952లో ఎ-0 అనే కంపైలర్ రూపుదిద్దుకుంది. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేస్తుందని, ప్రోగ్రాములు కూర్చలేదని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకాన్ని సడలించడానికి ఆమె కొన్నేళ్లు శ్రమించారు.

తర్వాత ఆమె బృందం ఇంగ్లీషు మాటలతో ఆదేశాలు ఇవ్వగలిగే ఫ్లో-మాటిక్ భాషను రూపొందించింది. 1959లో ప్రభుత్వ, పారిశ్రామిక ప్రతినిధులు కలిసి కోబాల్ భాషకు రూపకల్పన చేసినప్పుడు ఫ్లో-మాటిక్ దానికి ప్రధాన ఆధారమైంది. కోబాల్‌ను రాసింది ఒక సంఘం. హాపర్ అందులో సాంకేతిక సలహాదారు. 1960 డిసెంబర్‌లో రెండు వేర్వేరు సంస్థల కంప్యూటర్లపై ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ను నడిపి చూపడం ఆ రంగంలో మైలురాయిగా నిలిచింది.

కన్సోల్‌కు, శాశ్వత నమోదుకు మధ్య తేడా ఆ భాషలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఆపరేటర్‌కు ఒక మాట చూపాలంటే డిస్‌ప్లే అనే ఆదేశం ఉంది. ఏ పరికరం మీద చూపాలో కూడా దానికి చెప్పవచ్చు. తర్వాత చదవడానికి వీలుగా ఫైలులో నిలపాలంటే రైట్ అనే ఆదేశం ఉంది. మొదటిది ఎదుట ఉన్న మనిషికి ఇచ్చే కబురు. రెండోది లెక్క తప్పినప్పుడు తిరగేయడానికి ఉంచుకునే ఖాతా. ఒకటి ఉన్నచోట రెండోది ఎందుకని కోబాల్ ప్రోగ్రామర్లు అడగలేదు.

తెలుగువారికి కోబాల్ కొత్త కాదు. 1990ల చివర్లో, సంవత్సరాన్ని రెండు అంకెలతోనే నమోదు చేసిన పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరంలో తడబడతాయన్న భయం ప్రపంచాన్ని ఆవరించింది. హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల్లో ఆ భాష నేర్చుకున్న ఎందరో యువకులు దేశ విదేశాల్లో ఆ సవరణల్లో పాల్గొన్నారు. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రామును సరిచేయాలంటే, అది తన పనిని ఎక్కడ, ఎలా నమోదు చేస్తుందో తెలియడం ఎంత అవసరమో ఆ తరానికి అనుభవపూర్వకంగా తెలుసు.

తీగ ముక్కతో పాఠం

1966 చివర్లో హాపర్ నౌకాదళ రిజర్వు నుంచి విరమణ పొందారు. వేతన జాబితా మొదలుకొని అనేక పనులకు వాడుతున్న ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి పొసగక నౌకాదళం ఇబ్బంది పడుతుండటంతో 1967 ఆగస్టులో ఆమెను ఆరు నెలల కోసమని తిరిగి పిలిచారు. ఆ ఆరు నెలలు దాదాపు రెండు దశాబ్దాలుగా సాగాయి. కోబాల్ కంపైలర్లు ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నాయో లేదో పరీక్షించే ప్రోగ్రాములను ఆమె విభాగం తయారు చేసింది. ఒకే పెద్ద కేంద్ర కంప్యూటర్ మీద ఆధారపడే బదులు, అనేక చిన్న కంప్యూటర్లను వలగా కలిపి వాడాలని 1970లలోనే ఆమె వాదించారు.

ఆ వలలో దూరానికి మూల్యం ఉంటుందని కూడా ఆమె చెప్పేవారు. సెకనులో 100 కోట్ల వంతును నానో సెకను అంటారు. ఆ కాలంలో కాంతి సుమారు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అంత పొడవున కత్తిరించిన తీగ ముక్కలను హాపర్ తన సభల్లో శ్రోతలకు పంచేవారు. దానికి వెయ్యి రెట్లయిన మైక్రో సెకనుకు గుర్తుగా దాదాపు 300 మీటర్ల తీగ చుట్టను ఎత్తి చూపేవారు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపడానికి అంత సేపు ఎందుకని అడిగే సైనికాధికారులకు, తమకూ ఉపగ్రహానికీ మధ్య ఇలాంటి ముక్కలు ఎన్ని పడతాయో ఊహించుకోమని వివరించేవారు. శంకర్ నగర్ మిద్దె మీది డిష్‌కు చేరే సంకేతానికి ఆ లెక్క వేస్తే, పైకీ కిందికీ కలిపి సుమారు 24 కోట్ల ముక్కలు కావాలి.

ఈనాటి ఎంపిక

ఈ పాఠం రిమోట్ లాగింగ్‌కు నేరుగా వర్తిస్తుంది. ప్రోగ్రామ్ తన మాటను సొంత యంత్రంలో రాయడానికి పట్టే కాలం కన్నా, దూరపు సర్వర్‌కు పంపి జవాబు కోసం వేచి ఉండే కాలం అనేక రెట్లు ఎక్కువ. ప్రతి చిన్న నమోదుకూ అలా వేచి ఉంటే అసలు పని నెమ్మదిస్తుంది. నెట్‌వర్క్ తెగితే మొత్తానికే నిలిచిపోవచ్చు. వేచి ఉండకుండా పంపేస్తే మరో చిక్కు. 1980లలో ఎరిక్ ఆల్మన్ రూపొందించిన సిస్‌లాగ్ విధానం చాలాకాలం యూడీపీ పద్ధతిలో కబుర్లు పంపింది. అందులో కబురు చేరిందన్న రశీదు రాదు. దారిలో పోయిన కబురు పోయినట్టు కూడా తెలియదు. అందువల్లనే తర్వాతి ప్రమాణాల్లో రశీదు ఉండే రవాణాకు, గుప్త సంకేతాల రక్షణకు చోటిచ్చారు.

మరోవైపు, నమోదును సొంత యంత్రంలోనే ఉంచుకుంటే యంత్రంతో పాటే అదీ పోతుంది. డిస్కు చెడితే సాక్ష్యం ఉండదు. చొరబాటుదారు లోపలికి వస్తే మొదట చెరిపేది తన అడుగుజాడలనే. అవసరాన్ని బట్టి నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో మాయమయ్యే నేటి క్లౌడ్ కంటైనర్లలో తెర మీద పడిన మాటలు కంటైనర్‌తో పాటే అదృశ్యమవుతాయి. నమోదు అత్యవసరమయ్యేది యంత్రం కూలినప్పుడే. సరిగ్గా ఆ సమయంలోనే అది చేతికి అందదు.

భారత ప్రభుత్వం కూడా ఈ విషయాన్ని తీవ్రంగా పరిగణించింది. సైబర్ ఘటనలను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. నిర్దేశించిన సైబర్ ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. తెర మీద మెరిసి మాయమయ్యే అక్షరాలతో ఈ బాధ్యత నెరవేరదు.

దీని ప్రాధాన్యం రాయ్‌పూర్ పరిసర గ్రామాల్లో సులభంగా అర్థమవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2007-08 నుంచి ధాన్యం కొనుగోలు కంప్యూటర్ల సాయంతో సాగుతోంది. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్న ఒక కొనుగోలు కేంద్రాన్ని ఊహించుకుంటే, ప్రతి తూకం వివరం రాజధానిలోని సర్వర్‌కు చేరేదాకా ఆగాలంటే బండి మీద ధాన్యంతో వచ్చిన రైతు సాయంత్రం దాకా నిలబడాలి. వివరం ఆ కేంద్రపు కంప్యూటర్‌లోనే ఉండిపోతే, అది చెడిన రోజున రైతు తూకానికి ఆధారం ఉండదు.

అందుకే అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు ఈ రెంటిలో ఒకదాన్నే పట్టుకుని కూర్చోరు. ప్రోగ్రామ్ తన మాటను ముందు దగ్గరలోనే, ఆలస్యం లేకుండా రాస్తుంది. దాన్ని పోగుచేసి, నెట్‌వర్క్ అనుకూలించినప్పుడు దూరానికి చేర్చే పనిని పక్కనే ఉండే మరో చిన్న ప్రోగ్రామ్ చూసుకుంటుంది. చేరినట్టు రశీదు వచ్చేదాకా దగ్గరి ప్రతిని చెరపదు. తయారీ దశలో, ప్రోగ్రామర్ తెర ముందే కూర్చున్నప్పుడు కన్సోల్ ఒక్కటే చాలు. ప్రజలు వాడే దశకు వచ్చాక దూరపు ప్రతి తప్పనిసరి. ఏ వివరం పంపాలి, ఏది పంపకూడదు అన్న విచక్షణ కూడా అప్పుడే అవసరం. పాస్‌వర్డులు, ఆధార్ సంఖ్యల వంటి వ్యక్తిగత వివరాలు యంత్రం దాటి ప్రయాణించే నమోదుల్లో ఉండకూడదు.

చివరి రోజులు

హాపర్‌ను 1973లో కెప్టెన్‌గా, 1983లో కమొడోర్‌గా పదోన్నతి వరించింది. 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్‌గా మారింది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో, యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే చారిత్రక నౌక మీద ఆమె పదవీ విరమణ జరిగింది. అప్పటికి ఆమె వయసు 79 ఏళ్లు. నౌకాదళంలో విధుల్లో ఉన్న అధికారుల్లో అందరికన్నా పెద్ద ఆమే. ఆ తర్వాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు సలహాదారుగా పనిచేస్తూ, యువతకు ఉపన్యాసాలిస్తూ గడిపారు. గతంలో ఎప్పుడూ అలాగే చేశామన్న సాకును ఆమె సహించేవారు కాదు. దానికి గుర్తుగా తన కార్యాలయంలో ముళ్లు వెనక్కి తిరిగే గడియారాన్ని ఉంచుకున్నారు.

1991లో ఆమెకు అమెరికా జాతీయ సాంకేతిక పతకం లభించింది. 1992 జనవరి 1న వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 1997లో అమెరికా నౌకాదళం ఒక యుద్ధనౌకను ఆమె పేరుతో విధుల్లోకి తెచ్చింది. 2016లో అధ్యక్షుడు ఒబామా మరణానంతరం ఆమెకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించారు.

మార్క్ 2 యంత్రం పని ఎన్నడో ముగిసింది. దాని 70వ రిలేలో 1947 సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం ఈనాటికీ చదివి తెలుసుకోవచ్చు. ఆ పూట దగ్గరున్నవారు వెంటనే రాశారు, రాసిన పుస్తకాన్ని తర్వాతివారు యంత్రానికి దూరంగా భద్రపరిచారు.